శేరు పిండి కేజీ కాదు

కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు అన్నారు మన పెద్దలు. ఆ కూతురు ఎన్ని కిలోలుంటుందో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం వాళ్లకు కనబడనూ లేదు. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు, చేటెడు, గంపెడు - మన భాషలో కూటికి సంబంధించిన కొలతలన్నీ చేతికో, పాత్రకో కట్టుబడినవే గదా! అటువంటి కొలతల మీద ఈ వ్యాసంలో నేనొక ఫిర్యాదు చేయబోతున్నాను. ఆ కొలతలతో వండిన సంగటి తిని ఇరవై ఏండ్లు పెరిగినవాణ్ణి గనుక ఆ హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఫిర్యాదు చిన్నదే. గింజల్ని పాత్రతో కొలుచుకుంటే కొలుచుకోండి. పిండిని మాత్రం పాత్రతో కొలిచి అమ్మవద్దు, కొనవద్దు.

ఇది ఫిజిక్సు పుస్తకం చదివి పుట్టిన ఆలోచన కాదు. మా అమ్మకు జరిగిన అవమానం నుంచి పుట్టింది.

మా ఊర్లో మా అమ్మ, మరి తొమ్మిది మంది ఆడవాళ్లు కలిసి ఒక పొదుపు సంఘం నడుపుతున్నారు. కిందటేడు వాళ్లంతా కూడబలుక్కుని రాగులు కొని, చెరిగి, రాళ్లేరి, ఎండబెట్టి, మిషనుకు వేయించి, పిండి ప్యాకెట్లు కట్టి టౌనులో అంగళ్లకు వేయాలనుకున్నారు. షుగరు జబ్బు పుణ్యమా అని ఇప్పుడు టౌను వాళ్లందరికీ రాగి సంగటి మీద ప్రేమ పుట్టింది. ఒకప్పుడు 'సంగటి తినేవాళ్లు' అని మనల్ని చూసి నవ్విన వాళ్లే ఇప్పుడు హోటల్లో నాటుకోడి పులుసుతో సంగటి ముద్ద తిని ఫోటోలు తీసుకుంటున్నారు. సరే, అది వేరే కథ.

ప్యాకెట్టు కట్టాలంటే కొలత కావాలి. మా ఇంట్లో ఒక రేకు డబ్బా ఉంది. దాని నిండా అంచుకు సమంగా రాగులు పోస్తే సరిగ్గా కేజీ తూగుతాయి. ఇది మా నాయన ఎప్పుడో అంగట్లో తూకం వేయించి ఖాయం చేసుకున్న సంగతి. ఇంట్లో అందరూ దాన్ని 'కేజీ డబ్బా' అనే అంటారు. ఆ డబ్బాతోనే పిండి కొలిచినారు. ఒక డబ్బా ఒక ప్యాకెట్టు. పైన '1 కేజీ' అని అచ్చు వేయించిన చీటీ. అట్ల నలభై ప్యాకెట్లు తీసుకుని మా అమ్మ, ఇంకో పిన్నమ్మ బస్సెక్కి టౌనుకు పోయినారు.

అంగడాయన ఒక ప్యాకెట్టు తీసి తన కాటా మీద పెట్టినాడు. 690 గ్రాములు. ఇంకోటి పెట్టినాడు. 720. మూడోది 700. "ఏందమ్మా ఇది, ఆడోళ్ల సంఘమని నమ్మితే కేజీకి మున్నూరు గ్రాములు నొక్కుతారా?" అన్నాడంట, పదిమంది బేరగాళ్ల ఎదుట. నలభై ప్యాకెట్లూ తిరిగి మా ఇంటికే వచ్చినాయి. ఆయనను నేను తప్పు పట్టను. కాటా చూపించిందే ఆయన చెప్పినాడు. కానీ మా అమ్మ దొంగ కాదు. డబ్బా నిండా పోసి, పైన ఇంకో గుప్పెడు కూడా వేసిన మనిషి. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. "నాయనా, నువ్వు సైన్సు చదువుతాండావు గదా, డబ్బా నిండా పోస్తే కేజీ ఎట్ల తగ్గింది, చెప్పు" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. సాంద్రత అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించగా వచ్చేది అని ఎనిమిదో తరగతి నుంచి వల్లె వేస్తున్నాను. మన లాబొరేటరీలో సాంద్రత సీసాతో ద్రవాల లెక్క కట్టి రికార్డులో మూడు దశాంశ స్థానాల దాకా రాసి సంతకం పెట్టించుకున్నాను. అయినా పిండి సంగతి నాకు తట్టలేదు. రికార్డు పుస్తకం ఒక చోట, మా వంటిల్లు ఇంకో చోట. రెండింటికీ మధ్య తలుపు ఉందని అంతవరకు తెలియదు.

తర్వాత సెలవుల్లో ఇంటి దగ్గరే కొలిచి చూసినాను. గీతలున్న లీటరు పాత్ర ఒకటి, గ్రాము వరకు చూపే కాటా ఒకటి తెచ్చుకున్నాను. రాగులు లీటరుకు 800 గ్రాములు వచ్చినాయి. పాత్రను నేలకు కొట్టి, కుదిపి, మళ్లీ నింపినా 840కి మించలేదు. అంటే గింజ ఎట్ల పోసినా పెద్దగా మోసం చెయ్యదు. అవే రాగుల పిండిని జల్లెడ పట్టి గరిటెతో మెల్లగా పోస్తే 520 గ్రాములు! సంచిలో నుంచి నేరుగా వొంపితే 560. యాభై సార్లు తట్టి, కుంగినప్పుడల్లా మళ్లీ నింపితే 740. పాత్ర అదే, పిండి అదే, పోసిన చెయ్యి అదే. తేడా మాత్రం 220 గ్రాములు. మా అమ్మ డబ్బా ఒకటింబావు లీటరు పడుతుంది. లీటరుకు 560 చొప్పున లెక్క వేసుకుంటే 700 గ్రాములు. అంగడాయన కాటా నిజమే చెప్పింది, మా అమ్మా నిజమే చెప్పింది. అబద్ధమాడింది డబ్బా.

ఎందుకిట్ల? ఆర్ట్సు మిత్రులు కూడా ఈ సంచిక చదువుతారు గనుక కొంచెం విడమరిచి చెబుతాను. ఒకే సైజు గోలీలు ఒక డబ్బాలో పోసి బాగా కుదిపినా, అందులో దాదాపు మూడో వంతు ఖాళీగానే ఉంటుంది. రాగి గింజ చిన్న గోలీ లాంటిదే. నున్నగా, గుండ్రంగా ఉంటుంది, జారి తన చోటు తాను వెతుక్కుంటుంది. పిండి రేణువు అట్ల కాదు. గింజ చిన్నదయ్యే కొద్దీ దాని బరువు చాలా వేగంగా పడిపోతుంది. అడ్డం సగమైతే బరువు ఎనిమిదో వంతే మిగులుతుంది. పక్క రేణువును అంటిపెట్టుకునే బలం మాత్రం అంత వేగంగా తగ్గదు. అందుచేత పిండి రేణువులు తమ బరువుకు తాము కిందికి జారలేక, ఒకదాన్నొకటి పట్టుకుని వంతెనలు కట్టుకుంటాయి. ఆ వంతెనల కింద ఉండేది గాలి. మనం డబ్బాతో కొలిచేది పిండి ఒక్కటే కాదు, పిండీ గాలీ కలిపి కొలుస్తున్నాం. ఆ గాలి ఎంతో, పోసినవాడి చేతిని బట్టి, జల్లెడను బట్టి, బస్సు కుదుపులను బట్టి మారిపోతుంది.

ఇది మన ఇండ్లల్లో ఎవరికీ తెలియని సంగతేమీ కాదు. మిషను నుంచి వచ్చిన పిండిని చూసి మా జేజి "శేరు పోస్తే శేరుంబావు పైనే వచ్చింది, పొంగినాది" అని మురిసిపోతుంది. పాత్ర లెక్కన ఆమె మాట నిజమే. తూకం లెక్కన చూస్తే మేము 5 కేజీల రాగులు ఇచ్చి 4 కేజీల 900 గ్రాముల పిండి తెచ్చుకున్నాం. ఆ నూరు గ్రాములు మిషనులో అంటుకున్నవి, దుమ్ముగా ఎగిరినవి, వేడికి ఆవిరైన తేమ. పాత్రకు లాభం, కాటాకు నష్టం! ఒకే సంచి మీద రెండు తీర్పులు. మిషను ఆయనతో తగాదా పడాలన్నా ముందు ఏ లెక్కలో తగాదా పడుతున్నామో తేల్చుకోవాలి.

ఇంకో తమాషా కూడా చెప్పాలి. అదే కేజీ డబ్బాతో మా సంఘం వాళ్లు కందిపప్పు కూడా కొలిచి అమ్మినారు. కందిపప్పు రాగుల కంటే కొంచెం చిక్కగా సర్దుకుంటుంది. నేను తూచి చూస్తే ఆ డబ్బాకు 1 కేజీ 60 గ్రాములు పట్టింది. అంటే పప్పు మీద ప్యాకెట్టుకు 60 గ్రాములు మేమే పోగొట్టుకున్నాం. ఆ ప్యాకెట్లు పట్టుకుని "అమ్మా, ఎక్కువ వేసినారే" అని తిరిగి వచ్చిన వాళ్లు ఒక్కరూ లేరు.

ఈ గందరగోళం ఈనాటిది కాదు. మన పాత కొలతల జాబితా చూడండి: గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము. ఇరవై తూములు ఒక పుట్టి. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌను 1852లో అచ్చయిన తన నిఘంటువులో ఈ మాటలకు చోటిచ్చినాడు. భూమిని కూడా మనవాళ్లు పాత్రతోనే కొలిచినారు. తూము నేల, ఏదుము చేను, పందుము చేను అంటే అన్ని తూముల విత్తనం పట్టే నేల అని అర్థం. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చినాక ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడుండి నేలనంతా సర్వే చేయించి ఎకరాల్లోకి తెచ్చినాడు. అయినా మా ఊర్లో చేలకు పాత పేర్లు పోలేదు.

ఇక శేరు సంగతి మరీ విచిత్రం. అది పాత్ర పేరూ అవుతుంది, తూకం పేరూ అవుతుంది. మదరాసు రాజధానిలో తూకపు శేరు 24 తులాలు, అంటే దాదాపు 280 గ్రాములు. అయిదు శేర్లు ఒక వీశ, ఎనిమిది వీశలు ఒక మణుగు. ఉత్తరాదిన అదే పేరుగల శేరు 80 తులాలు, 933 గ్రాములు. ఇవి రెండూ కాక గింజలు కొలిచే శేరు పాత్ర వేరే. 'శేరు' అన్నప్పుడు ఎవరి మనసులో ఏ శేరు ఉందో దేవుడికే తెలియాలి. ఈ బాధ తీర్చడానికే 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరులో కిలోగ్రాములు రావడం మొదలై, 1962 ఏప్రిల్ నుంచి మెట్రిక్ తూకం తప్పనిసరి అయింది. ఇప్పుడున్నది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం. దాని కింద 2011 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్యాకెట్టు మీద నికర పరిమాణం రాయాలి. పిండి లాంటి సరుకుకు అది బరువు లెక్కలోనే ఉండాలి. మా అమ్మ వాళ్లు అచ్చు వేయించిన చీటీ చట్టప్రకారం ఒక వాగ్దానం. ఆ సంగతి వాళ్లకు చెప్పిన వాళ్లెవరూ లేరు. అచ్చు వేసినాయన మాత్రం చీటీకి ఇంత అని డబ్బు తీసుకున్నాడు.

ఇదంతా మన పల్లెల వెనకబాటుతనం అని ఎవరైనా నవ్వబోతే ఒక్క క్షణం ఆగండి. అమెరికా వాళ్ల వంటిండ్లు ఈనాటికీ కప్పుల మీదే నడుస్తున్నాయి. మా చెల్లెలు తన పుట్టినరోజుకు ఫోనులో వీడియో చూసి, కుక్కరులో ఉప్పు పోసి వేడిచేసి, అందులో కేకు చేయబోయింది. 'రెండు కప్పుల మైదా' అన్నారు. కప్పును నేరుగా మైదా సంచిలో ముంచి తీసింది. కేకు ఇటుకరాయి అయింది, కత్తి దిగలేదు. తర్వాత తూచి చూస్తే, 240 మిల్లీలీటర్ల కప్పులో గరిటెతో పోసిన మైదా 120 గ్రాములు, ముంచి తీసినది 150. రెండు కప్పులకు 60 గ్రాముల తేడా, అంటే వాళ్ల లెక్కలో అరకప్పు మైదా ఎక్కువ పడింది. నీళ్లు, నూనె మాత్రం సరిగ్గా పడినాయి. ఇక కేకు పొంగేదెట్ల? బోస్టన్ నగరంలో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ 1896లో ఒక వంటల పుస్తకం రాసి, కప్పు నింపి అంచుకు కత్తితో సమం చేసి కొలవాలని పట్టుబట్టింది. మనవాళ్లు శేరు మీద అరచెయ్యి జరిపి గింజల తల కొట్టడం కూడా అదే పని. పైన గోపురం ఎత్తును ఆ చెయ్యి సరిచేస్తుంది. లోపలి గాలిని ఏ కత్తీ సరిచెయ్యలేదు. అందుకే కేకులతో బతికే బేకరీ వాళ్లు పిండిని తూచుకుంటారు. మన టౌన్లలో బన్నులు, దిల్‌పసందులు చేసే ఏ బేకరీ లోపలికైనా తొంగి చూడండి, పిండి బల్ల పక్కన కాటా ఉంటుంది.

గోపురం మాట వచ్చింది గనుక మా ఇంటి గుట్టు ఒకటి బయట పెట్టాలి. మా ఇంట్లో శేర్లు రెండు. ఒకటి ఇత్తడిది, ఒకటి ఇనుపది. చెనిక్కాయలు పీకే కూలీలకు గింజలిచ్చే రోజుల్లో ఇనుప శేరుతో కొలిచేవాళ్లంట. ఇంటికి రావలసిన గింజలకు ఇత్తడి శేరు. జేజి కొలిస్తే 'ఒకటి' అనదు, 'లాభం' అంటుంది. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. నేను రెండు శేర్లలోనూ నీళ్లు నింపి కొలిచినాను. ఇనుప శేరు 70 మిల్లీలీటర్లు తక్కువ పట్టింది. జేజిని అడిగితే "మీ జేజినాయన కాలంలోనే అడుగు సొట్ట పోయింది లేరా" అనింది. సొట్ట ఉన్నమాట నిజమే. అది లోపలికే ఎందుకు పోయిందని నేను మళ్లీ అడగలేదు. ఆ లాభం ఎవరిదో, ఎన్ని కార్తెల పాటు ఎన్ని కొంగుల్లో ఆ 70 మిల్లీలీటర్లు తక్కువ పడినాయో ఇప్పుడు ఎవరు లెక్క కడతారు?

కొందరు పెద్దలు అంటారు: 'వెయ్యేండ్లుగా శేరుతో, మానికతో బతికినాం, ఎవరి సంగటి చెడింది?' మాట న్యాయమైనదే. సంగటికి కాటా అవసరం లేదని నేనూ ఒప్పుకుంటాను. ఎసట్లో నూక ఉడికిన తీరు చూసి, పిండి పోసి, తెడ్డుతో గెలికేటప్పుడు మా అమ్మ మణికట్టుకు తెలుస్తుంది, పిండి చాలిందా లేదా అని. తక్కువైతే ఇంకో గుప్పెడు, ఎక్కువైతే చెంబెడు వేణ్ణీళ్లు. అక్కడ కొలత డబ్బాలో లేదు, తెడ్డులో ఉంది. కానీ ఆ తెడ్డును ప్యాకెట్టులో పెట్టి టౌనుకు పంపలేం గదా! సరుకు ఇల్లు దాటి ముక్కూ మొగం తెలియని వాళ్ల చేతికి పోయేటప్పుడు ఇద్దరికీ ఒకటే అయిన లెక్క కావాలి.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. తూకం మాత్రం అంత నీతిమంతురాలా? మార్కెట్టుకు చెనిక్కాయలు తోలిన ఏ రైతునైనా అడగండి. కాటా సరిగ్గానే ఉంటుంది, ఆ తర్వాత తేమ అని, మట్టి అని, సంచి అని తరుగు తీస్తారు. మా నాయన కాటాను నమ్మడు, నమ్మకపోవడానికి ఆయనకు కారణాలున్నాయి. పిండి కూడా వానాకాలంలో గాలిలోని తేమ తాగి బరువెక్కుతుంది. ఇవన్నీ నిజాలే. అయితే కాటా చేసే తప్పును ఇంకో కాటా మీద పెట్టి పట్టుకోవచ్చు. ముద్ర వేసిన రాళ్లున్నాయి, ఫిర్యాదుకు చట్టముంది. డబ్బా చేసే తప్పును పట్టుకోవడానికి ఇంకో డబ్బా పనికిరాదు, రెండోసారి పోస్తే పిండి రెండో లెక్క చెబుతుంది.

నిజానికి కిలోగ్రాము కూడా మొదట్లో పాత్రలో పుట్టిన బిడ్డే. 1795లో ఫ్రాన్సు వాళ్లు ఒక ఘన సెంటీమీటరు నీటి బరువును గ్రాము అన్నారు. నీళ్లు గనుక చెల్లింది. నీళ్లలో గోపురం లేదు, వంతెనలు లేవు, తట్టినా కుంగవు. తర్వాత లోహపు దిమ్మె వచ్చింది. మన దేశానికి వచ్చిన దిమ్మె 57వ నంబరుది, ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఉంది. 2019 మే 20 నుంచి ఆ దిమ్మెను కూడా పక్కనబెట్టి, ప్లాంకు స్థిరాంకం మీద కిలోగ్రామును నిలబెట్టినారు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మేమంతా బాగానే రాస్తాం. కానీ మన విద్యార్థుల్లో సగం మంది ఇండ్లల్లో తల్లులు పొదుపు సంఘాల్లో ఉన్నారు. పిండో, పొడులో, పచ్చళ్లో కట్టి అమ్ముతున్నారు. ప్లాంకు స్థిరాంకం వాళ్ల డబ్బా దాకా పోవడానికి బస్సు చార్జీ ఎంతవుతుందని?

కాబట్టి మన విద్యార్థి సంఘం పెద్దలకు, ఫిజిక్సు లెక్చరర్లు గార్లకు ఒక మనవి. ఏడాదికి ఒక ఆదివారం మన లాబొరేటరీ తలుపులు తెరవండి. చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్లను తమ డబ్బాలు, శేర్లు, పిండ్లు తెచ్చుకోమనండి. ఫస్టియరు వాళ్లకు ఒక ప్రాక్టికలు తగ్గించి, ఆ పూట రాగులు, రాగి పిండి, జొన్నలు, జొన్నపిండి, కొర్రలు, పప్పులు తూచి ఒక పట్టిక తయారు చేయించండి. గింజలకైతే డబ్బా మీద రంగుతో గీత గీసి ఇవ్వవచ్చు, పదో ఇరవయ్యో గ్రాముల తేడాతో పని జరుగుతుంది. పిండికి మాత్రం గీత గీయవద్దు, కాటా కొనుక్కోమని చెప్పండి. పాత విద్యార్థులు ఉద్యోగాల్లో ఉన్నారు, ప్రతి ఏడూ సావనీరుకు ప్రకటనలు ఇస్తున్నారు. ఆ ప్రకటనల డబ్బులో కొంత తీసి, ముద్ర వేసిన కాటాలు రెండు కొంటే ఊర్లకు అద్దె లేకుండా తిప్పవచ్చు.

ఆ పని మన హాస్టలు మెస్సులోనే మొదలుపెడితే ఇంకా బాగుంటుంది. అక్కడ గోధుమ పిండిని ఇప్పటికీ బక్కెట్లతో కొలుస్తున్నారు. చపాతీలు ఒకరోజు మిగిలిపోవడం, ఒకరోజు చివరి బ్యాచికి అందకపోవడం మనమందరం చూస్తున్నదే. వంటాయన మీద అరిచేముందు ఆ బక్కెట్టును రెండుసార్లు తూచి చూస్తే మంచిది.

మా అమ్మ వాళ్లు ఆ నలభై ప్యాకెట్లను విప్పి, గోనె పట్ట మీద పోసి, ఈసారి కాటా పెట్టి కట్టినారు. ఇరవై ఎనిమిది ప్యాకెట్లు అయినాయి, ఒక గిన్నెడు పిండి మిగిలింది. అంగడాయన మళ్లీ తీసుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఆయన అప్పుడప్పుడూ ఒక ప్యాకెట్టు కాటా మీద పెట్టి చూస్తాడంట, పెట్టనీ. కేజీ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. జేజి దాంట్లో చింతపండు పెట్టుకుంటోంది. ఎంత పడుతుందని మాత్రం నన్ను తూయనివ్వలేదు.